చెవికో పుస్తకం, కంటికో పుస్తకం

(బడిలో కొత్తగా చేరే పిల్లల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ప్రాథమిక బడి టీచర్ల కోసం పాలమూరులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అచ్చంపేట, దేవరకొండ, మక్తల్ దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. చంటిపిల్లలను ఎత్తుకొని వచ్చిన అమ్మలున్నారు. పిల్లలు ఏడిస్తే బయటికి తీసుకుపోనక్కర్లేదు, ఇక్కడే ఉండనివ్వండి. మనం మాట్లాడుకునేదే వాళ్ల గురించి.

జూన్‌లో బడి తెరుస్తారు. ఐదేళ్లు నిండిన పిల్ల ఒకటో తరగతిలో కూచుంటుంది. ఆ పిల్లకు ఏ కథల పుస్తకం ఇవ్వాలి? మామూలుగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. జాతరలోనో బస్టాండు కాడనో రంగుల అట్ట చూసి పది పుస్తకాల కట్ట కొంటాం. ఇంటికి తెచ్చి "చదువు బిడ్డా" అంటాం. పిల్ల బొమ్మలు తిరగేసి, రెండు నిమిషాల్లో పక్కన పడేస్తుంది. "దీనికి చదువు మీద ధ్యాస లేదు" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తాం. ఐదేళ్ల పిల్ల మీద ఆ మాట పడకూడదు. అది ఆ పిల్లకు సరిపోయే పుస్తకం కాదు, అంతే.

సరిపోవడం అంటే ఏమిటో చూద్దాం. ఐదేళ్ల పిల్లకు చెవి వయసు ఐదేళ్లు. కంటి వయసు ఇంకా నెలల్లోనే ఉంది. చెవి ఈ ఐదేళ్లలో అవ్వ చెప్పిన కథలు విన్నది, బతుకమ్మ పాటలు విన్నది, కల్లం కాడ పెద్దల ముచ్చట్లు విన్నది, అమ్మానాయనల కొట్లాటలూ విన్నది. "వాడు అలిగిపోయి వాకిట్ల కూచున్నడు" అని చెప్పండి, ఎవరు, ఎందుకు, తర్వాత ఏమైతదో అంతా ఊహించుకుంటుంది. అదే మాట అచ్చు వేసి చేతికివ్వండి. "అ... లి... గి..." అని మూడో అక్షరానికి వచ్చేసరికి మొదటిది మర్చిపోతుంది. అర్థం చేసుకునే బలం ఒకచోట ఉంది, అక్షరాలు కూడబలుక్కునే బలం ఇంకెక్కడో వెనక ఉంది. ఈ దూరం పూడటానికి కొన్నేళ్లు పడుతుంది. అందాకా పిల్లకు రెండు రకాల పుస్తకాలు కావాలి. మనం చదివి వినిపించేది ఒకటి, దాన్ని చెవి పుస్తకం అందాం. తనంతట తాను చదువుకునేది ఇంకొకటి, అది కంటి పుస్తకం. ఈ రెండింటినీ కలగాపులగం చేయడం దగ్గరే మన పొరపాటంతా ఉంది.

చెవి పుస్తకాన్ని పిల్ల చేతికిచ్చి చదవమంటే నోరు తిరగదు, కథ అందదు. కంటి పుస్తకాన్ని మనం చదివి వినిపిస్తూ కూచుంటే, "మేక వచ్చింది, ఆకు తిన్నది" దగ్గరే పిల్ల లేచి ఆడుకోవడానికి పోతుంది. ఐదేళ్ల బుర్రకు అది చాలదు. రెండుసార్లూ పుస్తకం మంచిదే కావచ్చు, వాడిన తీరు తప్పు.

ముందు కంటి పుస్తకం సంగతి చూద్దాం, ఎందుకంటే కొలిచి ఎంచుకోవాల్సింది అదే. ఈ రెండు కాగితాలు చూడండి. మొదటి దాని మీద ఇట్లా ఉంది: "పూర్వము ఒకానొక రాష్ట్రమునందు నిస్వార్థపరుడైన వర్తకుడొకడు నివసించుచుండెను." ఆరు మాటలే. కానీ ర్వ, ష్ట్ర, స్వా, ర్థ, ర్త అని ఐదు ఒత్తుల అక్షరాలు. ఐదూ ఐదు రకాలు. పైగా "నివసించుచుండెను" అని ఈ జిల్లాలో ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. పిల్ల తంటాలు పడి అక్షరాలు కూడబలికినా, కూడబలికిన తర్వాత వచ్చేది తనకు తెలిసిన మాట కాదు. అక్షరం మీద పెట్టిన కష్టానికి ఫలం లేదు. రెండో కాగితం మీద ఇట్లా ఉంది: "బర్రె చెరువులో దిగింది. లే, బర్రె, లే! బర్రె లేవలేదు." ఎనిమిది మాటలు. ఒత్తు ఉన్న అక్షరం ఒక్కటే, ర్రె. అది మూడుసార్లు వచ్చింది. మొదటిసారి టీచర్ చెప్తుంది, రెండోసారి పిల్ల గుర్తుపడుతుంది, మూడోసారి తానే అంటుంది. ఇట్లాంటి పేజీలు ఎనిమిది ఉన్నాయంటే ర్రె అనే అక్షరం ఆ పిల్ల సొంతమైనట్టే. కంటి పుస్తకం చేయాల్సిన పని ఇదే.

తెలుగులో ఇంకో చిక్కుంది, దీన్ని కొంచెం జాగ్రత్తగా వినండి. పిల్లల పుస్తకాలకు స్థాయిలు వేసే పద్ధతి చాలాచోట్ల మాటల లెక్క మీద నడుస్తుంది. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ల వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో నాలుగు స్థాయిలుంటాయి. మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, ఆపైన నాలుగోది. లెక్క మంచిదే. అయితే తెలుగులో మాటలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. "మేక ఆకు తినదు" మూడు మాటలు, ఏడు అక్షరాలు. "తిరిగిరాలేకపోయాడు" ఒక్కటే మాట, తొమ్మిది అక్షరాలు. మాటల లెక్కలో రెండోది తేలిక, పిల్ల కంటికి మాత్రం అది కొండ. ఇతర భాషల నుంచి తెలుగులోకి తెచ్చిన పుస్తకాల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మూలంలో ఉన్న ఐదారు చిన్న మాటలు తెలుగులో ఒక్క పెద్ద మాటగా కుదించుకుపోతాయి. అట్ట మీద మొదటి స్థాయి అని ఉన్నా సరే, లోపల ఏదో ఒక పేజీ తెరిచి అక్షరాలు లెక్కపెట్టండి. మొదటి ఏడాది కంటి పుస్తకంలో మాటకు నాలుగు అక్షరాలు దాటకూడదు, అక్కడక్కడా ఐదు రావచ్చు. వాక్యానికి రెండు నుంచి ఐదు మాటలు. పేజీకి ఒకటి, మహా అయితే రెండు మూడు చిట్టి వాక్యాలు. పుస్తకం మొత్తం 8 నుంచి 16 పేజీలు.

టీచర్లు అడుగుతుంటారు, ఏ నెలలో ఏది అని. పిల్లలందరూ ఒకే తీరున నడవరు, అయినా పట్టు కోసం చెప్తున్నాను. జూన్ నుంచి దసరా దాకా మాటలు లేని బొమ్మల పుస్తకాలు, పేజీకి ఒక్క మాట ఉన్నవి. పలక, పడవ, వల, అరక, ఇట్లా గుణింతాలు లేని మాటలు. దసరా నుంచి సంక్రాంతి దాకా గుణింతాలు వచ్చే మాటలు, చిన్న వాక్యాలు. సంక్రాంతి తర్వాత ద్విత్వాలు, అంటే ఆ అక్షరానికి అదే ఒత్తు: అమ్మ, అవ్వ, బువ్వ, కుక్క, పిల్లి, బర్రె. పిల్లల బతుకులో ఎక్కువ వాడే మాటలు ఇవే కాబట్టి అర్థం వెంటనే దొరుకుతుంది. ఒక అక్షరానికి వేరే ఒత్తు వచ్చే మాటలు, చంద్రుడు, పుస్తకం లాంటివి, రెండో తరగతిలో నింపాదిగా. అమ్మ అనే మాట జూన్‌లోనే బొమ్మ కింద కనిపిస్తే కొంపేమీ మునగదు. మాట మొత్తాన్ని బొమ్మలాగా గుర్తుపడతారు, మంచిదే.

వేళ్లు ముడిచే పరీక్ష చాలామందికి తెలుసు. పిల్ల పేజీ చదువుతుంటే, రాని మాటకల్లా ఒక వేలు ముడవాలి, ఐదు వేళ్లూ ముడిస్తే పుస్తకం కష్టం అని. అది పేజీకి యాభై మాటలున్న పుస్తకానికి కుదురుతుంది. పది మాటల పేజీలో ఐదు రాకపోవడం అంటే సగం రానట్టే. ఒకటో తరగతికి నేను చెప్పే లెక్క: పది మాటల్లో ఒకటి ఆగితే సరైన పుస్తకం. రెండు ఆగితే పక్కన కూచుని చదివించండి. మూడు ఆగితే దాన్ని మీరే చదివి వినిపించండి, మూడు నెలల తర్వాత మళ్లా చేతికివ్వండి.

అచ్చు గురించి. స్కేలు పెట్టి చూడండి, గుణింతం ఒత్తు కాకుండా అక్షరం ఒళ్లే 5 మిల్లీమీటర్లు ఉండాలి. ఎందుకు అంతంటే, మన లిపిలో తేడాలన్నీ చిన్నచిన్న గీతల్లో ఉన్నాయి. వ, ప, ష పక్కపక్కన పెట్టి చూడండి. మ, య చూడండి. ద, ధ, థ చూడండి. చిన్న అచ్చులో పెద్దవాళ్లం మాటను బట్టి ఊహించుకుంటాం, పిల్లకు ఆ ఊహ ఇంకా లేదు. వంకర్లు పోయే సొగసు అక్షరాలు అట్ట మీద ఉంటే సరే, లోపల వద్దు. ముదురు రంగు బొమ్మ మీద అక్షరాలు వేసిన పేజీలు వద్దు. వాక్యం సగం ఎడమ పేజీలో, సగం కుడి పేజీలో ఉన్నవి వద్దు. "చెప్పు" అని ఒక పంక్తి చివర, "కున్నాడు" అని కింది పంక్తి మొదట విరిచిన మాటలు అసలే వద్దు. పిల్ల చెప్పు అనే చదువుతుంది, కాలి చెప్పు అనే అనుకుంటుంది.

అచ్చుతప్పులను చిన్న విషయం అనుకోవద్దు. పాత ఫాంట్లలో చేసిన పుస్తకాన్ని ఇప్పటి కంప్యూటర్లు వాడే అక్షరాల పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతుంటాయి, గుణింతాలు పక్క అక్షరానికి అంటుకుంటాయి. మనకది తప్పు, దిద్దుకొని చదివేస్తాం. పిల్లకు మాత్రం అదే ఒప్పు, అట్లాగే నేర్చుకుంటుంది. 16 పేజీల పుస్తకంలో రెండు తప్పులు కనబడితే కొనకండి. ఇప్పటికే కొన్న పుస్తకమైతే ఆ మాట మీద తెల్లకాగితం ముక్క అంటించి, సరిగా రాయండి.

ఇక చెవి పుస్తకం. దీనికి ఈ అక్షరాల లెక్కలేవీ లేవు. పెద్ద మాట రావచ్చు, కొత్త మాట రావచ్చు, రావాలి కూడా. కొలవాల్సింది ఒక్కటే, మన నోటికి పడుతుందా లేదా అని. కొనేముందు కొట్లోనే నిలబడి ఒక పేజీ గట్టిగా చదవండి. సిగ్గుపడకండి. ఊపిరి ఎక్కడ ఆగిపోయింది, ఏ వాక్యం రెండోసారి చదవాల్సి వచ్చింది చూసుకోండి. పేజీలో రెండుచోట్ల ఆగిపోయారంటే అది తరగతి ముందు కూడా ఆగుతుంది. మొత్తం కథ ఐదు నుంచి ఎనిమిది నిమిషాల్లో అయిపోవాలి. అంతకంటే పొడుగైతే రెండు పూటలుగా విడగొట్టే చోటు ఉండాలి.

ఈ వయసుకు మాట తిరిగి తిరిగి వచ్చే కథను మించింది లేదు. ఎండని చేప కథ మీ అందరికీ వచ్చు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం, గడ్డిమోపు ఎందుకు అడ్డమంటే ఆవు మేయలేదు, అట్లా గొలుసు పోయి పోయి చీమ పుట్ట దగ్గర ఆగుతుంది. ఆ కథ పనితనం చూడండి. ప్రతి అడుగులో ప్రశ్న ఒకే తీరున ఉంటుంది, జవాబు మాత్రం కొత్తగా ఉంటుంది. రెండోసారి వినేటప్పటికే ప్రశ్న పిల్లలు అడుగుతారు, జవాబు మనం చెప్తాం. మూడోసారికి రెండూ వాళ్లే చెప్తారు. దీనివల్ల ఎందుకు, కాబట్టి అనే లంకె తలలో పడుతుంది. తర్వాత ఎప్పుడో ఆ కథ అచ్చులో కనిపిస్తే, చెవికి తెలిసిన మాటనే కన్ను వెతుక్కుంటుంది. చెవి పుస్తకం కంటి పుస్తకంగా మారే దారి ఇది. అందుకే పుస్తకం ఎంచుకునేటప్పుడు చూడండి: తిరిగి వచ్చే మాట ఉందా? పిల్లలు గొంతు కలిపే చోటు ఉందా? లయ ఉందా? మూడూ లేకపోతే, ఎంత గొప్ప కథైనా అది మూడో తరగతి దాకా ఆగవచ్చు.

భాష గురించి మనం ఒక మాట అనుకోవాలి. చాలా పుస్తకాల్లో గేదె అని ఉంటుంది. మన పిల్లకు అది బర్రె. పుస్తకంలో వేరుశనగ, మన చేనులో పల్లికాయ. పుస్తకంలో సొరకాయ, మన ఇంట్లో ఆనిగెపుకాయ. పుస్తకంలో చొక్కా, మన దగ్గర అంగి. ఇది పుస్తకం తప్పు కాదు, పిల్ల తప్పు అంతకన్నా కాదు. చదివి వినిపించేటప్పుడు "గేదె, అంటే మన బర్రె" అని ఒకసారి కలిపి చెప్పండి, చాలు. కానీ పిల్ల బొమ్మ చూసి "బర్రె" అన్నప్పుడు "బర్రె కాదు, గేదె అనాలి" అని దిద్దకండి. దయచేసి దిద్దకండి. ఇంట్లో అమ్మ మాట తప్పు అని బడి మొదటి వారంలోనే చెప్పినట్టవుతుంది. ఆ తర్వాత ఆ పిల్ల నోరు విప్పదు. టీచర్లు బొమ్మ పక్కన పెన్సిల్‌తో ఇంటి మాట రాసిపెట్టండి. కొనేటప్పుడు కూడా పదింటిలో నాలుగు పుస్తకాల్లోనైనా పిల్ల చూసిన లోకం కనబడాలి: చెరువు కట్ట, మేకల మంద, బత్తాయి తోట, బోనం, పీర్ల పండుగ, పొద్దుగూకి వచ్చే పల్లెవెలుగు బస్సు. మిగతా ఆరింటిలో మంచు ఉండనీయండి, సముద్రం ఉండనీయండి. తెలిసినదాంట్లో అక్షరం నేర్చుకుంటారు, తెలియనిదాంట్లో ఊహ పెంచుకుంటారు.

తండాల నుంచి వచ్చిన టీచర్లు ఇది ప్రత్యేకంగా వినండి. దేవరకొండ చుట్టుపక్కల తండాల్లో పిల్లకు అమ్మ అంటే యాడి, రొట్టె అంటే బాటి. ఇంట్లో గోర్ బోలీ, అంటే లంబాడీల భాష, బడిలో తెలుగు. ఆ పిల్లకు చెవి వయసు ఐదేళ్లు అన్నాను కదా, ఆ ఐదేళ్లు తెలుగులో కావు. తెలుగులో దాని చెవి కూడా చంటిదే. అందుకని మొదటి మూడు నెలలు మాటలు లేని బొమ్మల పుస్తకాలే ప్రాణం. పిల్ల తన భాషలో కథ చెప్పాలి. టీచర్‌కు ఆ భాష రాకపోతే నాలుగో ఐదో తరగతి తండా పిల్లను పక్కన కూచోబెట్టుకోవచ్చు. గోర్ బోలీకి సొంత లిపి లేదు, కానీ తెలుగు అక్షరాల్లో రాసుకోవచ్చు. పిల్ల చెప్పిన వాక్యాన్ని చీటీ మీద తెలుగు అక్షరాల్లో రాసి, బొమ్మ కింద అంటించండి. తన మాట అచ్చులాగా కనిపిస్తుంది. నల్లమలలో చెంచుల గూడేలైన పెంటల్లోనూ, నారాయణపేట సరిహద్దులో కన్నడం మాట్లాడే ఇళ్లలోనూ మొదలుపెట్టాల్సింది మాటలు లేని పుస్తకంతోనే. ఉర్దూ ఇళ్ల పిల్లల దగ్గర ఇంకొకటి గమనించండి. ఇంట్లో చూసే పుస్తకం కుడి నుంచి తెరుచుకుంటుంది, చదువు కుడి నుంచి ఎడమకు సాగుతుంది. పిల్ల పుస్తకాన్ని వెనక నుంచి తెరిస్తే అది తెలియనితనం కాదు, తెలిసినతనమే. అట్ట చూపించి, తెలుగు ఎటు నుంచి పోతుందో వేలితో చూపించండి.

బొమ్మల పరీక్ష తేలిక. అచ్చు మీద కాగితం కప్పండి. బొమ్మలు మాత్రమే చూసి కథ చెప్పగలిగితే పుస్తకం నిలబడుతుంది. కథలో మూడు మేకలుండి బొమ్మలో రెండే ఉంటే పిల్ల వెంటనే పట్టేస్తుంది, లెక్కపెట్టడం దానికి మనకంటే ఇష్టం. మొదటి పేజీలో ఎర్ర గౌను వేసుకున్న పాప మూడో పేజీలో కారణం లేకుండా పచ్చ గౌనులో కనబడితే, పిల్లకు ఆమె వేరే పాప. కట్టలుగా అమ్మే చవక పుస్తకాల్లో ఈ తప్పు ఎక్కువ. అక్కడొకటి ఇక్కడొకటి ఏరిన బొమ్మలు అతికిస్తారు, నక్క ఒక పేజీలో నక్క, ఇంకో పేజీలో కుక్కపిల్ల.

కథ లోపలి సంగతి కూడా చూసుకోవాలి. చివర పెట్టె గీసి "నీతి" అని రాసిన పుస్తకాలంటే మనకు మోజు ఎక్కువ. ఐదేళ్ల పిల్లకు ఆ పెట్టె పనికిరాదు. నక్క ఎందుకు అట్లా చేసింది, కాకి ఇంకేం చేయొచ్చు అని పిల్లలు మాట్లాడుకోవాల్సిన చోట ఆ పెట్టె నోరు మూయిస్తుంది. అట్లాంటి పుస్తకం ఉంటే పెట్టె చదవకుండా వదిలేయండి. నల్లగా ఉన్నవాళ్లను దుష్టులుగా, చూపు లేనివాళ్లను, కుంటివాళ్లను నవ్వులాటగా, ఒక కులవృత్తి వాళ్లను తెలివితక్కువగా చూపే పాత కథలు ఇంకా అచ్చవుతూనే ఉన్నాయి. మీ తరగతిలో చూపు సరిగా లేని ఒక్క పిల్ల ఉంటే, ఆ కథ ఆ పిల్ల వీపు మీద పడుతుంది. పక్కన పెట్టేయండి. భయం గురించి అడుగుతారు: పులి రావచ్చు, దయ్యం రావచ్చు. కూచున్న ఆ కూచోవడంలోనే భయం తీరిపోయేటట్టు ఉండాలి, అంతే. కొందరు పిల్లలకు కథ పట్టదు. విత్తనం ఎట్లా మొలిచింది, వాన ఎక్కడి నుంచి వచ్చింది, జేసీబీ ఎట్లా తవ్వుతుంది, ఇట్లాంటి పుస్తకాలు ఇస్తే కదలకుండా కూచుంటారు. అవి కూడా చదువే.

చదివి వినిపించే పద్ధతి చెప్తాను. ముందు అట్ట చూపించి, లోపల ఏముంటుందో పిల్లలను ఊహించమనండి, ఒక్క నిమిషం. పేరు, రాసినవాళ్ల పేరు, బొమ్మలు వేసినవాళ్ల పేరు చదవండి. పుస్తకాన్ని మీ ఒళ్లో కాదు, భుజం పక్కన పట్టుకొని పిల్లల వైపు తిప్పండి. పదిహేను మంది దాటితే చిన్న పుస్తకం వెనకవాళ్లకు కనబడదు, పెద్ద సైజు పుస్తకం కావాలి, లేదంటే రెండు గుంపులు చేయండి. మొదటిసారి ఆపకుండా చదవండి. ప్రతి పేజీకి "ఇది ఏం రంగు, అవి ఎన్ని" అని అడిగితే కథ చచ్చిపోతుంది. రెండో రోజు అదే పుస్తకం, ఈసారి అక్షరాల కింద వేలు జరుపుతూ, తిరిగి వచ్చే మాట దగ్గర ఆగండి, వాళ్లు పూర్తి చేస్తారు. మూడో రోజు రెండే ప్రశ్నలు, అవీ "ఎందుకు", "నువ్వైతే" అనేవి. ఆ తర్వాత పుస్తకం పిల్లలకు అందేచోట పెట్టండి. గుర్తున్న మాటలను చూస్తూ చదివినట్టు నటిస్తారు. "అది చదవడం కాదు, బట్టీ" అని కొట్టిపారేయకండి. చదువు అట్లాగే మొదలవుతుంది. అదే పుస్తకం పదోసారి అడిగినా చదవండి.

మన జిల్లాలో చాలా ఇళ్లలో అమ్మానాయనలు పనికోసం ముంబై, పుణె పోతారు, పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. అవ్వకు చదువు రాదు. అట్లాంటి ఇంటికి పుస్తకం పంపి లాభమేమిటని కొందరంటారు. మాటలు లేని పుస్తకం పంపండి. బొమ్మ చూసి అవ్వ చెప్పే కథ మనం చదివే కథ కంటే బాగుంటుంది, ఆమె దగ్గర ఉన్నన్ని సామెతలు మన దగ్గర లేవు. పుస్తకంతో పాటు అవ్వకు ఒక్క మాట చెప్పండి: ఎడమ నుంచి కుడికి పేజీలు తిప్పాలి, పిల్ల బొమ్మ మీద వేలు పెట్టి అడిగినదానికి జవాబు చెప్పాలి. అమ్మ ఎక్కడో ఉంటే, పుస్తకం పేజీల ఫోటోలు వాట్సాప్‌లో పంపండి, ఆమె గొంతులో రెండు నిమిషాలు కథ చెప్పి పంపుతుంది. పుస్తకం తిరగేస్తూ పిల్ల ఆ గొంతు వింటుంది.

కొనడం సంగతి త్వరగా చెప్పేస్తాను. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు, హైదరాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లవి, ప్రథమ్ బుక్స్, తూలిక వాళ్ల తెలుగు పుస్తకాలు ముందు చూడండి. తూలికవి కొన్ని రెండు భాషల్లో ఉంటాయి. స్టోరీవీవర్ నుంచి ఉచితంగా దించుకొని అచ్చు వేసుకోవచ్చు, దానికి అనుమతి ఉంది. 16 పేజీల పుస్తకానికి ఏ4 కాగితాలు నాలుగు చాలు, రెండు వైపులా అచ్చు వేసి నడిమికి మడవాలి. నలుపు తెలుపులో వేస్తే రంగుల మీద నడిచే కథలు పాడవుతాయి, అవి ఎంచుకోకండి. సమగ్ర శిక్ష అనే బడుల పథకం కింద ప్రాథమిక బడికి గ్రంథాలయ గ్రాంటు 5,000 రూపాయల దాకా వస్తుంది. పుస్తకం సగటున 60 రూపాయలనుకుంటే 80 వస్తాయి. ఒకటి, రెండు తరగతులకైతే నేను ఇట్లా పంచుతాను: మాటలు లేనివి 10, మాట తిరిగి వచ్చే చెవి పుస్తకాలు 25, కంటి పుస్తకాలు 25, విషయం చెప్పేవి 10, రెండు భాషలవి 5, పెద్ద సైజువి 5. ఆ 25 కంటి పుస్తకాల లెక్కలోనే వీలైనవి రెండేసి ప్రతులు తీసుకోండి, ఇద్దరు పక్కపక్కన కూచుని చదువుకుంటే ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు. పెద్ద సైజువి ధర ఎక్కువ, డబ్బు చాలకపోతే మొత్తం సంఖ్య తగ్గించండి, వాటిని మానకండి. ఇంకో మాట. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను పోతుంది. అంటే గ్రంథాలయం మన డబ్బుతో నడుస్తుంది. మీ శాఖా గ్రంథాలయానికి పోయి, ఐదారేళ్ల పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయని అడగండి. లేవంటే రాతపూర్వకంగా అడగండి.

కొన్న పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేస్తే చెదలకు తప్ప ఎవరికీ పనికిరావు. చిరిగితే తనిఖీలో ఏమంటారో అని టీచర్లు భయపడతారు, ఆ భయం నిజమే. అందుకే హెడ్మాస్టర్లు ఇక్కడే మనసులో పెట్టుకోండి: పిల్ల చదివి చిరిగిన పుస్తకం నష్టం కింద రాయాల్సింది కాదు, వాడకం కింద రాయాల్సింది. గోడకు మూడడుగుల ఎత్తులో తాడు కట్టి, పుస్తకాలను మధ్యకు తెరిచి, అట్ట కనబడేటట్టు వేలాడదీయండి. వరసగా నిలబెడితే వీపు మాత్రమే కనబడుతుంది, చదవలేని పిల్లకు వీపుతో పనిలేదు. వానాకాలం తాడు కిటికీకి దూరంగా కట్టండి.

పిన్నులు తుప్పుపట్టి ఊడితే సెల్లోటేపు వేయకండి, కొన్నాళ్లకు పసుపుపచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. పిన్ను తీసేసి, నడిమి మడతలో సూదితో మూడు రంధ్రాలు పెట్టండి, పైన, మధ్య, కింద. లావు దారం తీసుకొని లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి తీయండి, పై రంధ్రంలోంచి లోపలికి, మధ్యది వదిలేసి కింది రంధ్రంలోంచి బయటికి, మళ్లా మధ్యలోంచి లోపలికి. రెండు కొసలూ ఆ పొడుగు దారానికి అటొకటి ఇటొకటి వచ్చేటట్టు చూసి ముడివేయండి. మూడు నిమిషాల పని. పిన్ను కొనలు పిల్లల వేళ్లకు గుచ్చుకునే బాధ ఉండదు.

ఆ బల్ల మీద 40 పుస్తకాలు పెట్టాం. మంచివీ ఉన్నాయి, కావాలని పెట్టిన పనికిరానివీ ఉన్నాయి. ఇద్దరిద్దరు ఒక్కో పుస్తకం తీసుకోండి. ఒకరు గట్టిగా చదవండి, ఒకరు పెన్సిల్ పట్టుకొని ఒత్తులు, అక్షరాలు లెక్కపెట్టండి. చెవి పుస్తకమైతే కిటికీ పక్క గుట్టలో, కంటి పుస్తకమైతే తలుపు పక్క గుట్టలో పెట్టండి. ఎటూ చెందనిదైతే ఎందుకో ఒక్క వాక్యం చీటీ మీద రాసి, అట్టలో పెట్టి నాకివ్వండి. అవ్వలు, చదువు రాని అమ్మలు ఇటు ముందు వరసలోకి రండి, మాటలు లేని పుస్తకాలు ఆరున్నాయి. మీరు చెప్పే కథలు వినడానికి పిల్లలు ఇక్కడే ఉన్నారు.